చిత్రిక పట్టిన తలుపు

ఒకే దాని కోసం ఇద్దరు ప్రార్థన చేస్తే దేవుడు ఎవరి మాట వింటాడన్న అనుమానం నాలో కొన్నేళ్ళుగా ఉంది. మా చర్చి అయ్యగారిని అడగాలని చాలాసార్లు ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర ఆగాను. ఆయన గొడుగు తెరుస్తూ, "ఏమమ్మా సువార్తా, ఇంట్ల అందరు బాగున్నరా?" అనేవాడు. బాగున్నారని చెప్పి వచ్చేసేదాన్ని. అడిగితే అది చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది, మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివిన దానికి ఆ మాత్రం తెలియదా అనుకుంటారు. అన్నం వార్చేటప్పుడో, నల్లా దగ్గర బిందె నిండే దాకా నిలబడ్డప్పుడో అది మళ్ళీ వచ్చేది, నేను మళ్ళీ పక్కకు పెట్టేదాన్ని. ఇవాళ పక్కకు పెట్టడానికి వీలు లేదు. చిలకలగూడలో ఇమాం వలి ఇంటి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఈ ఇల్లు మాకు రావాలని లోలోపల అడుగుతున్నాను. ఇదే గోడకు అవతల వలి భార్య జైతున్ బీ చాప పరిచిన చప్పుడైంది, నమాజుకు నిలబడింది. ఈ ఇల్లు పోవద్దని ఆమె అడుగుతోంది. మా ఇద్దరి నడుమ జానెడు మట్టిగోడ, దానికి సున్నం.

వలి మసీదుకు వెళ్ళాడు. "జుమ్మా చదివొచ్చి ఏదో ఒక మాట చెప్త, అటో ఇటో" అని మా ఆయనతో అన్నాడు. మా ఆయన జకరయ్య కార్ఖానాలో అరపూట సెలవు పెట్టి వచ్చాడు, నన్నిక్కడ కూర్చోబెట్టి తను వలి వెంట నడిచాడు. లోపలికి పోడు కదా, బయట గోడ నీడలో చెప్పుల పక్కన కూర్చుని ఉంటాడు. కూర్చున్నవాడు ఊరికే ఉంటే నాకే భయమూ లేదు. మసీదు గేటు కీలు వదులైందని చూసి చేయి వేశాడంటే ఇక కదలడు. ఇదివరకు సర్కారు ఆఫీసులకు శుక్రవారం సెలవు ఉండేది, పోలీస్ యాక్షన్ తర్వాత ఆదివారం చేశారు. మా గుడికి వచ్చే గుమాస్తాలు దేవుడు ప్రార్థన విన్నాడని సంతోషించారు. శుక్రవారం ఆఫీసు పని వదిలి మసీదుకు పరుగెత్తాల్సిన గుమాస్తాలు ఏమనుకున్నారో మేమెవరమూ అడగలేదు. ఎండ అరుగు అంచు దాకా వచ్చింది. కాళ్ళు లోపలికి ముడుచుకున్నాను.

వలి కాదంటే మాకు మిగిలే దారి కాజీపేట ఒక్కటే. మేమున్నది లాలాగూడలో మా మామ పేరు మీద ఉన్న రైల్వే క్వార్టరు. ఒక గది, వంటిల్లు, ముందు వరండా. గది అత్తామామలది, వరండా మాది. పెళ్ళైన కొత్తలో వరండాకు అడ్డంగా ఒక పాత చీర కట్టారు, అది చిరిగితే ఇంకోటి కట్టారు, రెండూ నావే. మా ఆయన రైలు పెట్టెలకు తలుపులు చేసే వడ్రంగి. ఆయన చేసిన తలుపుల వెనక ఎవరెవరో దొరలూ దొరసానులూ గడియ వేసుకుని నిద్రపోతూ బొంబాయి దాకా పోతారు. ఆయన పెళ్ళాం చీర మార్చుకోవాలంటే మామ బజారుకు పోయేదాకా ఆగాలి. చీకట్లో ఏదైనా చెప్పుకోవాలంటే చెవిలో చెప్పుకోవాలి, అప్పుడు కూడా లోపలినుంచి మా అత్త రోసమ్మ "ఏందే, నన్నేమన్న అన్నవా?" అంటుంది. పిల్లలు లేరని ఆమెకు బెంగ. "పెండ్లై గిన్నేండ్లాయె, ఒక్క కాయ లేదు" అని ఒకసారి నలుగురిలో అంటే మా మామ బీడీ ఆర్పి, "వరండల ఏం కాస్తయే కాయలు, నడుమ నువ్వు దగ్గుకుంట కూసుంటవు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, లోపలికి పోయి ఏడుద్దామంటే పోవడానికి లోపల ఎక్కడుంది. పిల్లల సంగతి దేవుడి చేతిలో ఉందని ఊరుకోవచ్చు. తలుపు సంగతి వడ్రంగి పెళ్ళాం ఎవరి మీద పెట్టి ఊరుకోవాలి? ఇప్పుడు మామ కొలువు ముగిసింది, క్వార్టరు ఖాళీ చేయాలి. వాళ్ళిద్దరూ కాజీపేటలో పెద్ద కొడుకు దగ్గరికి పోతున్నారు. అక్కడి క్వార్టరుకు కూడా ముందు వరండా ఉందని మా అత్త ఎంతో సంబరంగా చెప్పింది, "మీకు ఎండ సుత రాదు" అని.

మా గుడి ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా వండే బియ్యంలోంచి ఒక పిడికిలి తీసి వేరే కుండలో వేస్తాం. అది దేవుడి వాటా, ఆదివారం గుడికి తీసుకుపోతాం. కంట్రోలు బియ్యం కొలిచి పోసే రోజుల్లో కూడా నేను మానలేదు. అయితే పెళ్ళైన రెండో ఏటో మూడో ఏటో దేవుడి కుండ పక్కన ఇంకో కుండ పెట్టాను, అందులో రెండో పిడికిలి వేయడం మొదలుపెట్టాను, ఇంటి కోసం. నిండినప్పుడల్లా అమ్మి దాచిపెట్టాను. మా ఆయన ఆదివారం కూడా బయట బెంచీలూ పెట్టెలూ చేసి సంపాదించిన దాంట్లో అది కలిసింది, మేమిద్దరం కలిసి కొనే ఇల్లని అందుకే ధైర్యంగా అనుకుంటాను. కానీ ఒక సంగతి. చేయి ఒకటే, పిడికిలి ఒకటే, అయినా ఇంటి కుండలోకి పోయేటప్పుడు వేళ్ళు కొంచెం ఎక్కువ బియ్యం పట్టుకునేవి. కావాలని కాదు. నేను చూస్తూనే ఉండేదాన్ని, వేళ్ళే అలా చేసేవి. దేవుడు చూసే ఉంటాడు. చూసి నవ్వుకున్నాడా, కోపం పెట్టుకున్నాడా? ఇవాళ తెలుస్తుందేమో. ఇలాంటి లెక్క పెట్టుకునేవాడు కాదనే అనుకుంటాను. కాదనుకుంటే మళ్ళీ ఎంత పెద్ద పిడికిలి ఇస్తే ఏం లాభమని ఇంకో ఆలోచన వస్తుంది. ఆలోచనలకేం, గడియ లేని ఇంట్లోకి వచ్చినట్టు వస్తాయి.

గోడ అవతల ఆమె వంగిన చప్పుడు, లేచిన చప్పుడు, గాజుల చప్పుడు. వలి నిజాం ఫౌజులో బ్యాండు వాయించేవాడు. ఫౌజును తీసేశాక ఇంటికి వచ్చి కూర్చున్నాడు, ఇప్పుడు పెళ్ళిళ్ళకు పోతున్నాడు, పెళ్ళిళ్ళు ఏడాదంతా ఉండవు. ఇల్లు అమ్మి గుల్బర్గాలో కూతురి దగ్గరికి పోతామని మా మామతో చెప్పాడు. మేం వచ్చి చూశాం. రెండు గదులు, బెంగుళూరు పెంకు, వెనక చిన్న వాకిలి, అందులో బావి. నాకు చూడగానే నచ్చింది, నచ్చిందని మొహంలో కనపడకూడదని మా అత్త చెప్పి పంపింది కాబట్టి బావిలోకి తొంగి చూసి, "నీళ్ళు లోతుకున్నయి" అన్నాను. మా ఆయనకు అవేవీ పట్టలేదు. ముందు తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆ తలుపు కిందికి వాలిపోయి, తీసినప్పుడల్లా బండ మీద గీసుకుంటూ వచ్చేది. బండ మీద వంపు తిరిగిన తెల్లటి గీత పడింది. లోపలినుంచి తీయాలంటే జైతున్ బీ రెండు చేతులతో ఎత్తి లాగాలి. మా ఆయన వేలి కణుపుతో తలుపును కొట్టి, చెవి పెట్టి విని, "చెక్క మంచిది, ఎవరో పాపం కీలు తప్పు బిగించిన్రు" అన్నాడు. ఇల్లు సంగతి మాట్లాడకుండానే వెళ్ళిపోయాం. మర్నాడు కార్ఖానా నుంచి నేరుగా పనిముట్ల సంచితో వచ్చి తలుపు ఊడదీసి, కింది అంచుకు చిత్రిక పట్టి నున్నగా చెక్కి, కీలు మార్చి బిగించాడట. నాకు ఇంటికొచ్చి చెప్పాడు. "ఎందుకు?" అన్నాను. "గీస్తున్నది గద" అన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. రెండోసారి ధర మాట్లాడడానికి వెళ్ళి కిటికీ రెక్కలు సరిచేశాడు. మూడోసారి వంటింటి చూరు కింద కుంగిన దూలానికి ఆసరా పెట్టాడు. గోడలో అలమారకు అరలు బిగించాడు. "మనదయ్యేదే గద" అంటాడు. కొనబోయే ఇంట్లో లోపాలు చూపించి ధర తగ్గించుకుంటారు కానీ కొనకముందే బాగుచేసేవాడు లోకంలో ఇంకొకడు ఉంటాడా? మా అత్త చేయి నుదుటికి కొట్టుకుని, "నా కడుపున పుట్టినోడే గానీ, తెలివి మాత్రం పట్టాల మీద పడేసుకొని వచ్చిండు" అంది. అనుకున్నట్టే అయింది. వలి తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళను పిలిచి, "ఇటు రా, జెర చూడు" అని ఒక్క వేలితో తోసి చూపించేవాడట, తలుపు చప్పుడు లేకుండా గోడ దాకా పోయి ఆగేది. పోయిన వారం మా ఆయన ముందుగా ఇచ్చే బయానా పైకం సంగతి ఎత్తితే వలి తలవంచి, "ఇంట్ల రాజీ లేదు జకరయ్యా, ఒక వారం ఆగు" అన్నాడు. అప్పుడు జైతున్ బీ లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పైట కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆడదానికి ఇల్లు విడిచిపెట్టడం ఎలా ఉంటుందో నాకు తెలియదు, విడిచిపెట్టడానికి నాకెప్పుడూ ఇల్లు లేదు. ఇన్నేళ్ళు గీసుకుపోయే తలుపుతో వేగి, అది బాగైన నెలకే వేరేవాళ్ళ చేతిలో పెట్టమంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. ఆమెను తప్పు పట్టలేను. కానీ నాకు ఆ ఇల్లు కావాలి.

ఈ అనుమానం మొదలైంది ఆ సెప్టెంబరులో. యూనియన్ ఫౌజు వస్తోందన్నారు. పైన విమానాలు తిరిగాయి. క్వార్టర్లలో కిటికీ అద్దాలకు కాగితాలు అంటించుకున్నాం. మధ్యాహ్నాలు మా గుడిలో అందరం మోకాళ్ళ మీద ఉండి మమ్మల్ని కాపాడమని, దుర్మార్గం తొలగించమని అడిగాం. లేచి బయటికి వస్తే వెనక బస్తీ మసీదు నిండి జనం రోడ్డు మీద కూడా వరుసలుగా నిలబడి ఉన్నారు, వాళ్ళూ అదే పనిలో ఉన్నారు. కాపాడమనే అడుగుతున్నారని మొహాలు చూస్తే తెలిసింది. కొన్ని రోజులకు నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు. సికింద్రాబాదు బజార్లో జెండాలు, బొల్లారం రోడ్డు మీద లారీల వరుస, మా అత్త ఇరుగుపొరుగుకు బెల్లం పంచింది. నేను కూడా పంచాను, సంతోషంగానే పంచాను, అంతకుముందు నిజాం తరఫున తిరిగిన ఖాకీ చొక్కాలవాళ్ళు చేసినవి మేం చూసినవే. బెల్లం పళ్ళెం పట్టుకుని వెనక బస్తీ దాకా వెళ్ళి ఆగిపోయాను. పొద్దెక్కినా ఆ ఇళ్ళ మీద ఎక్కడా పొయ్యి పొగ లేదు. తలుపులన్నీ వేసి ఉన్నాయి. పళ్ళెంతో అలాగే వెనక్కి వచ్చాను. మా ప్రార్థన దేవుడు విన్నాడని అయ్యగారు ఆ ఆదివారం ప్రసంగంలో చెప్పాడు. వినే ఉంటాడు. నేను ఆ పొగ లేని పెంకులనే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు గోడ అవతల గొంతు సన్నగా వినపడుతోంది. అరబ్బీ అయిపోయినట్టుంది, తనకు తానుగా ఏదో అడుక్కుంటోంది, మాటలు తెలియడం లేదు. మంచి మనిషినైతే, తండ్రీ, ముందు ఆమెది విను అనాలి. అందామని నోటి దాకా వచ్చింది. కాజీపేట వరండా కళ్ళ ముందు కనపడింది, అక్కడ కట్టబోయే చీర ఏదో కూడా కనపడింది, అంచు పోయిన ఆ ఊదా రంగు చీరే. కళ్ళు గట్టిగా మూసుకుని ఇంకా గట్టిగా అడిగాను. ఈ ఇల్లే కావాలి, ఈ తలుపే కావాలి, లోపల గడియ వేసుకుని ఒక్కసారి మా ఆయనతో నా మామూలు గొంతుతో మాట్లాడాలి, అంతే, ఎక్కువేం లేదు. ఆమేన్ అనడం, అవతల చాప చుట్టిన చప్పుడు ఒక్కసారే అయ్యాయి.

తలుపు తెరుచుకుంది. చప్పుడు లేదు కాబట్టి ఆమె నీడ పడేదాకా నాకు తెలియలేదు. చేతిలో నీళ్ళ చెంబు ఉంది.

"తాగు బిడ్డా. మొఖం ఎండిపోయింది. కండ్లు మూసుకొని ఉన్నవు, నిద్ర పట్టిందా?"

"లేదక్కా. ప్రార్థన చేస్తున్న."

"మంచిగ చెయ్యి" అని ఆమె గుమ్మం లోపలే, వీధికి కనపడకుండా కూర్చుంది. "నేను సుత అదే చేసొస్తున్న. ఈయన బుద్ధి మార్చుమని."

చెంబు నోటి దగ్గరే ఆగిపోయింది. "ఎవరి బుద్ధి?"

"ఇంకెవరిది? మీ వలి భాయ్‌ది. నీ మొగడు గీ దర్వాజ బాగు చేసిన పొద్దు నుంచి నా కొంప మునిగింది. అమ్మనంటడు. ఎందుకమ్మాలె అంటడు. కిటికీ చూడు అంటడు, దూలం చూడు అంటడు. పొద్దంత దాని ముంగట కూసుంటడు. కొత్త పెండ్లాన్ని తెచ్చుకున్నోడు సుత గంత చూసుకోడు."

"మరి పోయిన వారం నువ్వు ఏడ్చినవు గదక్కా?"

"ఏడ్వకేం జేస్త? అలమారకు అరలు కొడుతున్నడు నీ మొగడు! ఇంకింత మంచిగ చేస్తడేమోనని పానం కొట్టుకున్నది. అప్పటికి నేను సైగ చేసిన, ఇడిసిపెట్టు నాయనా అని. ఆయన తల ఎత్తి చూస్తే గద!"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. తలుపు అంచును చేత్తో తడుముతూ కూర్చుంది. షంషీర్ గురించి అప్పుడు చెప్పింది. షంషీర్ వలి తమ్ముడు. తల్లి పోతే పసివాడిగా జైతున్ బీ చేతిలో పడ్డాడు, ఆమె కూతురితో పాటే పెరిగాడు. "దోస్తులు చెప్పిన్రని ఖాకీ అంగీ ఏసుకున్నడు. ఏసుకొని ఈ గల్లీల నాల్గు దినాలు తిరిగిండు, వద్దురా అంటే వినలె. ఏం చేసిండో నాకు తెల్వదు, ఏం చెయ్యలే అంటడు. ఫౌజు వచ్చినంక పోలీసులు వచ్చిన్రు. గీ దర్వాజ నేనే తీసిన. గీసుకుంట, మొత్తుకుంట వచ్చింది. దాంట్లకెళ్ళే వాన్ని తీస్కపోయిన్రు." ఏడాదికి వదిలిపెట్టారు. గుల్బర్గాలోనే ఉండిపోవడానికి పోతూ ఒకసారి వచ్చి వీధిలో నిలబడి వదినను పలకరించాడట, లోపలికి రమ్మంటే ఈ గడప దాటనన్నాడట. "నా చేతుల అన్నం తిని పెరిగినోడు బయట నిలబడి పోయిండు. ఆ దర్వాజ గీసినప్పుడల్ల నాకు ఆ పొద్దే యాదికొచ్చేది. ఇప్పుడు సప్పుడు లేదు. సప్పుడు లేకపోయేసరికి మీ వలి భాయ్‌కి అంత అయిపోయినట్టే కొడ్తున్నది. నాకు అయిపోలె బిడ్డా. నేను పోవాలె."

చెంబులో మిగిలిన నీళ్ళు తాగాను. అయితే గోడకు అటూ ఇటూ మేమిద్దరం అడిగింది ఒకటే. నేనేమో ఆమె మీద గెలవాలని ఇంకా గట్టిగా అడిగాను. ఒక నిమిషం తేలికైంది, తర్వాత ఇంకోటి తోచింది. ఎదురు అడిగేవాడు లేకపోలేదు, మసీదులో వరుసలో నిలబడి ఉన్నాడు. ఈ ఇల్లు నాకుండనీ అని వలి అడుగుతుంటాడు. ఇటు ఇద్దరం, అటు ఒక్కడు. దేవుడు తలలు లెక్కపెట్టి చూస్తాడా? అలా చూస్తే ఆ సెప్టెంబరుకు కూడా అదే జవాబవుతుంది, ఆ జవాబు నాకు నచ్చలేదు. "నువ్వు ఆయనకు చెప్పినవా అక్కా, ఇదంత?" అన్నాను. "ఇంట్ల చెప్పిన. ఇంట్ల చెప్తే ఏ మొగోడు వింటడు?" అంది. మళ్ళీ తనే, "మీరంటే ఆయనకు మొహమాటం ఉంది. మీ మామకు పాట బాకీ పడ్డడట గద, అందుకే ఇల్లు సంగతి అందరికన్న ముంగట మీకే చెప్పిండు. లేకపోతే గీ పాటికి ఎప్పుడో కాదనెటోడు" అంది.

పాట మాట నిజమే. మా పెళ్ళికి మేళం పెట్టింది మా మామ, వలి అప్పుడు ఫౌజులో ఉన్నా సెలవు పెట్టి వచ్చి అందులో క్లారినెట్ వాయించాడు. గుడి నుంచి క్వార్టర్ల దాకా ఊరేగింపు. మసీదు ముందు బాజా వాయించకూడదని అప్పుడు గట్టి కట్టడి. మసీదు దగ్గరికి రాగానే వలి చేయెత్తాడు, పాట నడుమ ఆగిపోయింది. అందరం చెప్పుల చప్పుడు కూడా వినపడేంత మెల్లగా నడిచాం, నేను తల వంచుకుని మా ఆయన కాళ్ళు చూసుకుంటూ నడిచాను. దాటాక మిగతాది ఎత్తుకోవాలి. ఎత్తుకునేలోగా వాన కొట్టింది. తోలు తడుస్తుందని పెద్ద డోలువాడు ముందు పరుగెత్తాడు, మేళమంతా వాడి వెనక పరుగెత్తింది. మేమిద్దరం పూలదండలతో ఏదో కొట్టు చూరు కింద నిలబడ్డాం, తర్వాత ఏ పాటా లేకుండా ఇంటికి నడిచి వెళ్ళాం. వలి కనపడినప్పుడల్లా మా మామ, "నా కోడలి పాట సగం నీ కాడనే ఉన్నది" అంటాడు. వలి చెవి పట్టుకుని, "ఇస్త భాయ్, యాడికి పోత" అంటాడు.

వీధి మలుపులో టోపీలు కనపడ్డాయి. మసీదు వదిలారు. జైతున్ బీ లేచి లోపలి గుమ్మం పరదా వెనక్కి వెళ్ళింది. మా ఆయన, వలి పక్కపక్కనే వస్తున్నారు. మా ఆయన నడక చూస్తే నాకు తెలిసిపోయింది. చెక్క పగిలిన రోజు కార్ఖానా నుంచి అలాగే వస్తాడు.

వలి అరుగు ఎక్కి, నిలబడే, నన్ను చూడకుండా అన్నాడు. "చెల్లె, తోవల జకరయ్యకు చెప్పిన. నీకు సుత చెప్త. మాఫ్ చెయ్యాలె. ఇల్లు అమ్మను. మీరు పడ్డ తక్లీఫ్‌కు కూలి లెక్క గట్టి ఇస్త."

"కూలి వద్దు భాయ్" అన్నాడు మా ఆయన.

అడగాల్సిందంతా అడిగేశాను, ఇంకేం మిగల్లేదు. అరుగు మీద చేయి ఆనించి లేవబోతుంటే పరదా కదిలింది. జైతున్ బీ తలనిండా కొంగు కప్పుకుని అరుగు మీదికే వచ్చింది. గుమ్మం దాటి పరాయి మగవాడి ముందుకు ఆమె రావడం నేను చూడడం అదే మొదటిసారి. మా ఆయన గబుక్కున గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏందిది? లోపలికి పో" అన్నాడు వలి.

"పోత. లోపలికి కాదు, గుల్బర్గా పోత. నువ్వు దర్వాజ ముంగట కూసో. ఆకలైతే దాన్నే అడుగు, పెడ్తది."

"అందరి ముంగట ఏందీ లొల్లి?"

"అందరెవ్వరు? కొనుక్కునేటోళ్ళే గద ఉన్నది." ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు దర్వాజను చూస్తున్నవు. నేను దాంట్లకెళ్ళి పోయినోన్ని చూస్తున్న. వాడు నీ తమ్ముడు. వాడు ఈడికి రాడు. మనం పోవాలె. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే బండి ఎక్కుత, ఖుదా మీద ఒట్టు."

వలి తలుపు వైపు తిరిగాడు. తలుపును వేలితో తోశాడు. అది మెల్లగా పోయి గోడకు ఆగింది. మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. వీధిలో మసీదు నుంచి వచ్చేవాళ్ళు సలాం చెబుతూ పోతున్నారు, అతను తలుపునే ముందుకూ వెనక్కూ ఆడిస్తున్నాడు. షంషీర్ సంగతి అలా నలుగురి ముందు విని ఎన్నాళ్ళైందో. చివరికి, ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా, "గుల్బర్గల కిరాయి ఇండ్లు. దర్వాజలు ఎట్లుంటయో ఏమో" అన్నాడు.

మా ఆయన గోడ వైపు నుంచే, "గీస్తే చెప్పు భాయ్. సెలవు పెట్టి నేనొచ్చి చిత్రిక పడ్త" అన్నాడు.

"వద్దు నాయనా!" అంది జైతున్ బీ. "నువ్వు రాకు. ఈయన ఆడ సుత పాతుకపోతడు."

ముందు వలి నవ్వాడు. కళ్ళనుంచి నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు, అవి నవ్వు నీళ్ళేనా అని నేను చూడలేదు. తర్వాత మా ఆయన భుజం పట్టి ఇటు తిప్పి, "సోమవారం రిజిస్ట్రీ కచేరికి పోదాం. కాగితం చెల్లె పేరు మీద సుత రాయించు, ఇద్దరి పేర్లు. నీ ఒక్కని పేరు మీద ఉంటే ఎవడన్న గీసే దర్వాజ చూపించి నీతోటి ఇల్లు రాయించుకుంటడు" అన్నాడు. మా ఆయన సరేనన్నాడు. నేను మళ్ళీ అరుగు మీదే కూర్చున్నాను. కృతజ్ఞత చెప్పుకోవాలని కళ్ళు మూసుకుంటే ఏమీ తోచలేదు, వంటింట్లో దేవుడి కుండ ఎక్కడ పెట్టాలన్న ఆలోచన ఒక్కటే వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి వలి లోపలికి వెళ్ళి, పాత గుడ్డలో చుట్టిన క్లారినెట్ తెచ్చి ముక్కలు బిగిస్తున్నాడు. ఫౌజుది ఫౌజుకే ఇచ్చేశాడు, ఇది లాల్ బజార్‌లో కొనుక్కున్నది. "బాకీ పెట్టుకొని ఊరు ఇడువను" అన్నాడు. "చెల్లె, యాడ ఆగినం మనం?"

"మసీదు కాడ" అన్నాను.

"మసీదు దాటినంక. అవును." నోట పెట్టే ముక్కను నాలుకతో తడుపుకున్నాడు. మా ఆయన చేతులు ఏం చేసుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. నేను లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. వలి కళ్ళు మూసుకుని, పాటను మొదటినుంచి కాకుండా, ఆగిన చోటి నుంచే ఎత్తుకున్నాడు. డోలు లేదు, మిగతా మేళం లేదు, ఒక్క క్లారినెట్టే. నడుమ ఒకచోట ఊపిరి అందక ఆగి మళ్ళీ అందుకున్నాడు. జైతున్ బీ గుమ్మంలో నిలబడి చివరి దాకా విన్నది. పాట అయిపోయాక వలి క్లారినెట్‌ను విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టాడు.

"మీ నాయనకు చెప్పు" అన్నాడు మా ఆయనతో, "ఇగ బాకీ సాఫ్ అని."